చాణక్యుడి పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్

ఈ వారంలో ఇది ఐదోసారి. మా విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్న నడిచేవాళ్ళ గ్రూపులో ఒకసారి, కాలేజీ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, శ్రీకాకుళంలో ఉన్న మా బావ విడిగా రెండుసార్లు పంపాడు. పైగా ఫోన్ చేసి "అసలు చదివావా?" అని అడిగాడు. చదివాను బావా.

అందులో ఉన్నది ఇదీ: బ్రిటిష్ కాలంలో మనవాళ్ళకు ప్రపంచ రాజకీయాల ఊసే తెలీదు. పొరుగువాడు ఎప్పటికీ శత్రువే అన్న చాణక్య సూత్రాన్ని నెహ్రూ తుడిచేశాడు. మన ఆలోచనల్ని విదేశీ యూనివర్సిటీలు తొక్కిపెట్టాయి. జనగణమన జార్జి చక్రవర్తి మీద రాసిన భజన.

భజన సంగతి ముందు తేల్చేద్దాం. టాగోర్ 1916లో జపాన్ వెళ్ళి, యూరప్‌ను చూసి ఈ జాతీయవాదం అంటించుకోవద్దని వాళ్ళ మొహం మీదే చెప్పాడు. 1919లో బ్రిటిష్‌వాళ్ళిచ్చిన సర్ బిరుదు ఇక వద్దన్నాడు. అలాంటివాడు చక్రవర్తికి భజన రాస్తాడా? ఇక దీని మీద నా టైమ్ పెట్టను.

ఊసే తెలీదట! 1952లో పాతపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్ళిన వి.వి.గిరి గారు లా చదివింది డబ్లిన్‌లో. 1916లో బ్రిటిష్‌వాళ్ళ మీద ఐర్లండ్‌లో జరిగిన తిరుగుబాటు తర్వాత ఆయన్ని అక్కణ్ణుంచి పొమ్మన్నారు. దరిశి చెంచయ్య అమెరికాలో, బ్రిటిష్‌వాళ్ళను తరిమేయాలని అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరాడు. కమ్యూనిస్టు ఎం.ఎన్.రాయ్ 1920లో మాస్కోలో వలస దేశాల మీద లెనిన్‌తోనే వాదించాడు. 1936లో కాంగ్రెస్ విదేశీ విభాగాన్ని లోహియా చేతిలో పెట్టింది, అప్పటికి ఆయన వయసు 26. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు ఐదుగురు డాక్టర్లను పంపారు. ప్రపంచం తెలీక, దారి తప్పి వెళ్ళారు కాబోలు.

నాకు ఒళ్ళు మండేది పొరుగువాడి సంగతి దగ్గరే. మొదటిది, చాణక్యుడి అర్థశాస్త్రం మన చేతికొచ్చింది ఆ బ్రిటిష్ కాలంలోనే. మైసూరు లైబ్రరీలో దొరికిన తాళపత్రాల నుంచి శామశాస్త్రి గారు 1909లో అచ్చు వేయించారు. పక్క రాజు శత్రువు అన్న మాట అందులో ఉంది, కాదనను. కానీ అది విజిగీషువుకు, అంటే గెలవాలని బయల్దేరిన రాజుకు చెప్పిన లెక్క. ఏడో అధికరణం, అంటే ఏడో భాగం దాకా ఓపిక పడితే, పొరుగువాళ్ళు మూడు రకాలని కనిపిస్తుంది: అరిభావి (శత్రువులా ఉండేవాడు), మిత్రభావి (మిత్రుడిలా ఉండేవాడు), భృత్యభావి (సేవకుడిలా ఉండేవాడు). సంధికీ యుద్ధానికీ ఒకే లాభమైతే సంధే చేసుకోమన్నాడు. యుద్ధమంటే ప్రాణనష్టం, ఖర్చు, ఇల్లు వదిలి పోవడం అని కారణం కూడా చెప్పాడు. ఫార్వర్డ్ చేసేవాళ్ళకు అంత దూరం చదివే తీరిక ఎక్కడిది!

అసలు ఈ సూత్రాన్ని మా ఊరికంటే శ్రద్ధగా ఎవరు పాటించారు? 1757లో పక్కనున్న బొబ్బిలి మీదికి విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీని తీసుకెళ్ళాడు. బొబ్బిలి కోట బూడిదైంది, ఆ తర్వాత కొద్దిరోజులకే మన రాజూ డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చాడు. మరుసటేడు ఆయన వారసుడు ఆనందరాజు ఫ్రెంచివాళ్ళతో చెడి, ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. శత్రువుకి శత్రువు మిత్రుడు కదా! 1794లో ఆ మిత్రులే పద్మనాభంలో మన చిన విజయరామరాజును చంపారు. బావా, పద్మనాభం ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఈసారి వస్తే తీసుకెళ్తాను.

యూనివర్సిటీల మాట మాత్రం ఒప్పుకుంటున్నాను, మింగుడు పడకపోయినా. అంతర్జాతీయ రాజకీయాల చదువు 1919లో వేల్స్‌లో పెట్టిన ఒక ప్రొఫెసర్ పదవితో మొదలైందని పాఠాలు చెబుతారు. అదే ఏడు బెంగాలీ పండితుడు బినయ్ కుమార్ సర్కార్, పక్క రాజు శత్రువు, వాడి పక్కవాడు మిత్రుడు అనే చాణక్యుడి లెక్క, అంటే మండల సిద్ధాంతం మీదే అమెరికా రాజనీతి పత్రికలో వ్యాసం రాశాడు. ఆ పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. అన్యాయమే. కాకపోతే ఆ సర్కారే తర్వాత హిట్లర్ జర్మనీని మెచ్చుకుంటూ రాశాడు. ఈసారి ఫార్వర్డ్‌లో ఆ ముక్క కూడా పెట్టండి.