సోలోలో ఖాళీలు వదిలేవారిపై ఫిర్యాదు

పర్లాకిమిడిలో చవితి పందిట్లో మెలోడీ పెడితే గిటార్ సోలోకి ఒక సంప్రదాయం ఉంది. (మావైపు ఆర్కెస్ట్రాని మెలోడీ అంటారు. అందులో మెలోడీ ఉండి తీరాలని రూలేమీ లేదు.) ముందుకి రావాలి, కళ్లు మూసుకోవాలి, ఐదో ఫ్రెట్ (గిటార్ మెడమీది గడి) దగ్గర ఏ మైనర్ పెంటటోనిక్ బాక్స్‌లో దూరాలి. ఎక్కుతూ దిగుతూ, ఎక్కుతూ దిగుతూ, డ్రమ్మర్ జాలిపడి ఆపేదాకా బయటికి రాకూడదు. ఆ బాక్స్‌లో ఉన్నవి ఐదే స్వరాలు, మన శుద్ధ ధన్యాసి రాగం. వాటితో నాలుగు నిమిషాలు నెట్టుకురావడం మాటలా? ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న సేవ ఇదే.

దానికి మా మేనల్లుడు ఎసరు పెట్టాడు. మొన్న రిహార్సల్లో నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయాడు. తీగ తెగిందేమో అనుకున్నాను.

"లేదు మావయ్యా, ఊపిరి తీసుకుంటున్నాను."

వాయించేది వేళ్లతో కదా, మధ్యలో ఊపిరి గొడవేమిటి?

మళ్లీ అవే నాలుగు వాయించి చివరిది మాత్రం మార్చాడు. మొదటిది ప్రశ్నట, రెండోది జవాబట. మూడోసారి ఆ చివరి స్వరాన్నే బెండ్ చేసి పైకి లాగాడు. కచేరీలో సంగతులు వెయ్యరా, ఇదీ అంతే అంటాడు. అక్కడితో ఆగితే బావుండేది. వెనక కీబోర్డు మీద కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) ఎఫ్‌కి మారగానే వీడు ఏ మీదో సీ మీదో వచ్చి నిలబడతాడు, ఆ రెండూ ఆ కార్డులోవే కాబట్టి. అంటే కీబోర్డు కుర్రాడు ఏం వాయిస్తున్నాడో వినాలన్నమాట! స్టేజి మీద పక్కవాణ్ణి వినడం అలవాటైతే రేపు ఇంట్లో కూడా వినమంటారు.

ఇంకా, ముందు నోటితో పాడుకోవాలట, పాడగలిగిందే వాయించాలట. ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు మాట్లాడినట్టు రాయమన్నారు, సరే అన్నాం. మాట్లాడినట్టు వాయించమని ఆయన ఎక్కడా అనలేదే! పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం నచ్చక 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, ఉండుంటే నా పక్షమే వహించేవారు. అయినా మేం మాట తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగించే రకం. మధ్యలో ఆగితే ఎదుటివాడు అందుకుంటాడు.

చవితి రాత్రి వాడు అలాగే వాయించాడు. పై స్వరాన్ని చివరిదాకా దాచి, ఒక్కసారే తీశాడు. మధ్య ఖాళీల్లో జనరేటర్ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

మర్నాడు కిల్లీకొట్టు దగ్గర కుర్రాడు తమలపాకులు తుడుస్తూ ఆ నాలుగు స్వరాలూ ఈలేస్తున్నాడు. నా సోలోని ముప్పై ఏళ్లలో ఒక్కడూ ఈలెయ్యలేదు. అంత కష్టమైనది మరి.