కింగ్ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట!

మా వీధి చివర చెత్త గుట్టగా పేరుకుపోయిన వారం అది. పారిశుద్ధ్య కార్మికులు సమ్మెలో ఉన్నారు. పొద్దున్నే మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక ఫార్వర్డ్ పెట్టాడు. ఎక్కడ ధర్నా జరిగినా, ఎక్కడ రోడ్డు ఆగినా ఇది మళ్లీ తిరగడం మొదలవుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: "అహింసామూర్తి మార్టిన్ లూథర్ కింగ్ బంద్‌లు చేయలేదు, చట్టం మీరలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా మర్యాదగా అడిగాడు. ఒక్క ప్రసంగంతో అమెరికా మనసు మార్చేశాడు. దేశమంతా ఆయన్ని ప్రేమించింది. ఇప్పటివాళ్లు ఆయన్ని చూసి నేర్చుకోవాలి."

కింద వరసగా దండం బొమ్మలు. "బాబాయ్, ఇందులో అహింస ఒక్కటే నిజం" అని పెట్టాను. "అయితే మిగతాది తప్పని చూపించు" అన్నాడు. చూపిస్తున్నా.

బంద్‌లు చేయలేదన్న మాట ముందు చూద్దాం. అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన కింగ్ పేరు అసలు దేశానికి తెలిసిందే బస్సుల బహిష్కరణతో. 1955 డిసెంబర్ 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీలో తెల్లవాడి కోసం సీట్లోంచి లేవనన్నందుకు నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. 5వ తేదీ నుంచి ఆ ఊరి నల్లజాతివాళ్లు బస్సెక్కడం మానేశారు. ఉద్యమాన్ని నడపడానికి 26 ఏళ్ల పాస్టర్ కింగ్‌ను ముందు పెట్టారు. అప్పటిదాకా బస్సెక్కేవాళ్లలో ముప్పావు వంతు వాళ్లే, ఇక కంపెనీ గల్లాపెట్టె సంగతి చెప్పాలా? నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు టికెట్టంత, అంటే 10 సెంట్లే తీసుకుని జనాన్ని దింపారు. కనీస చార్జీ 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని అధికారులు పాత రూలు బయటికి తీశారు. అప్పుడు సొంత కార్లున్నవాళ్లు వాటిని తెచ్చి ఇచ్చారు, దాదాపు 300 కార్లు. పోలీసులు ఆ కార్ల వెంటా పడ్డారు. 1956 జనవరి 26న కింగ్ 25 మైళ్ల వేగం దాటకూడని చోట 30 మైళ్ల వేగంతో వెళ్లాడని జైల్లో వేశారు. ఆ లెక్కన మన ఊళ్లలో బయట మిగిలేది ఎవరు?

మొత్తం 381 రోజులు. బస్సు కంపెనీ నష్టపోయింది, ఊళ్లో వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఇబ్బంది కలగాలనే చేశారు.

ఫార్వర్డ్‌లో నిజమున్న ముక్క కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆ అరెస్టయిన నాలుగు రోజులకు, జనవరి 30 రాత్రి, కింగ్ ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపల భార్య కొరెట్టా, రెండున్నర నెలల పాప. ఆయన సభ నుంచి పరుగున వచ్చేసరికి ఇంటి ముందు జనం కోపంతో ఊగిపోతున్నారు. కొందరి దగ్గర తుపాకులున్నాయి. ఆ పగిలిన వరండాలోనే నిలబడి, ఆయుధాలుంటే ఇళ్లకు పట్టుకెళ్లిపోమని చెప్పి పంపాడు. ఇంకో సంగతి, ఆ రోజుల్లో ఆయన ఇంట్లోనూ తుపాకులుండేవి. వెంట తుపాకీ పెట్టుకోవడానికి పర్మిట్ అడిగితే ఇవ్వలేదు కూడా. తర్వాత్తర్వాత వాటిని వదిలేశాడు. ఆయన్ని పుట్టుసాత్వికుడిగా చూపించే వాళ్లకు ఇది రుచించదు గానీ, నాకు మాత్రం ఇది తెలిశాకే ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక చట్టం. రెండు డజన్లకు పైగా అరెస్టులు. వేగం కేసులాంటి తప్పుడు కేసులు పక్కన పెట్టినా, అలబామాలోనే ఉన్న బర్మింగ్‌హామ్‌ సంగతి ఉంది. 1963 ఏప్రిల్‌లో అక్కడ ఊరేగింపులు చేయకూడదని కోర్టు ఆర్డరిచ్చింది. తెలిసే, గుడ్ ఫ్రైడే రోజున, 12వ తేదీన ఊరేగింపు తీసి జైలుకెళ్లాడు. ఎనిమిదిమంది తెల్ల మతగురువులు పత్రికలో ప్రకటన ఇచ్చారు: ఈ ప్రదర్శనలు తెలివైన పని కాదు, ఇది సమయం కాదు, కోర్టుల్లో తేల్చుకోవాలి అని. చూశావా బాబాయ్, నీ ఫార్వర్డ్ 1963లోనే వచ్చేసింది!

దానికి జవాబుగా కింగ్ జైల్లో పత్రిక అంచుల్లో ఖాళీ ఉన్నచోటల్లా రాయడం మొదలుపెట్టాడు. అదే బర్మింగ్‌హామ్ జైలు లేఖ. టెన్షన్ అన్న మాటకు తాను భయపడనని అందులో సూటిగా రాశాడు. మాట్లాడటానికి ఒప్పుకోని ఊరు ఇక మాట్లాడక తప్పని పరిస్థితి రావాలి, ప్రత్యక్ష చర్య చేసేది అందుకే అన్నాడు. అన్యాయమైన చట్టాన్ని మీరాలి, కాకపోతే బహిరంగంగా మీరి శిక్షకు సిద్ధపడాలి అన్నాడు. "మీ లక్ష్యం మంచిదే గానీ మీ పద్ధతి నచ్చలేదు" అనే మధ్యేవాదుల మీద ఆయనకున్న విసుగు చదవాలి. నల్లవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠావాడికంటే వీళ్లే పెద్ద అడ్డంకేమో అనేదాకా వెళ్లాడు. ఆ కోర్టు ఆర్డరు కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1967లో 5–4 తేడాతో తీర్పు కింగ్‌కు వ్యతిరేకంగా వచ్చింది, మళ్లీ జైలుకెళ్లాడు. చట్టం మీరాడని ఆ దేశపు సుప్రీంకోర్టే చెప్పింది, మనకెందుకు అనుమానం?

ఒక్క ప్రసంగం గురించి ఎక్కువ రాయను. 1963 ఆగస్టు 28 నాటి ఆ వాషింగ్టన్ ప్రదర్శన పేరే "ఉద్యోగాలు, స్వేచ్ఛ కోసం". గంటకు 2 డాలర్ల కనీస వేతనం దాని డిమాండ్లలో ఒకటి. అందరూ చెప్పుకునే "నాకో కల ఉంది" అన్న మాట ప్రసంగం చివర్లో వస్తుంది, మొదట్లో వచ్చేది చెల్లని చెక్కు: అమెరికా నల్లజాతివాళ్లకిచ్చిన చెక్కు ఖాతాలో డబ్బుల్లేవని తిరిగొచ్చిందంటాడు. అది విని అమెరికా మనసు మారిపోయిందా? 18 రోజులకు బర్మింగ్‌హామ్‌ చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. పౌర హక్కుల చట్టం వచ్చింది 1964 జూలైలో. ఓటు హక్కు చట్టం కోసం 1965లో అలబామాలోని సెల్మాలో ప్రదర్శకుల తలలు పగలాల్సొచ్చింది.

దేశమంతా ప్రేమించిందా? 1966లో గ్యాలప్ అనే సంస్థ చేసిన సర్వేలో 63 శాతం మంది ఆయనంటే సదభిప్రాయం లేదన్నారు. అప్పటికి నోబెల్ వచ్చి రెండేళ్లు. ఎఫ్‌బీఐ అనే అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఆయన ఫోన్లు దొంగచాటుగా విన్నది, 1964లో చచ్చిపొమ్మని సూచిస్తూ పేరులేని ఉత్తరం పంపింది. 1967లో వియత్నాం యుద్ధాన్ని ఖండించేసరికి అంతవరకూ మెచ్చుకున్న పెద్ద పత్రికలే తిరగబడ్డాయి. చనిపోయిన 15 ఏళ్లకు, 1983లో, ఆయన పేరిట సెలవు బిల్లు వస్తే 22 మంది సెనేటర్లు వద్దని ఓటేశారు.

"ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా" అన్నది చివరికి ఉంచుకున్నాను. బాబాయి ఏ సందర్భంలో పంపాడో చెప్పాను కదా.

1968 ఫిబ్రవరి 1న టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో వాన. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కి తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. 12వ తేదీ నుంచి 1,300 మంది పని మానేశారు. వీధుల్లో చెత్త పేరుకుంది. "నేనూ మనిషినే" అన్న అట్టలు పట్టుకుని నడిచారు. కింగ్‌ను అక్కడికి పిలిచింది జేమ్స్ లాసన్ అనే పాస్టర్. మాంట్‌గమరీ బహిష్కరణ గురించి ఆయన మొదట చదివింది మన నాగపూర్‌లో, అక్కడి కాలేజీలో పనిచేస్తున్నప్పుడు.

మార్చి 28న కింగ్ ముందుండి నడిపిన ఊరేగింపులో కొందరు అద్దాలు పగలగొట్టారు, పోలీసుల కాల్పుల్లో ఒక 16 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. హింస లేకుండా చేసి చూపిస్తానని కింగ్ మళ్లీ వచ్చాడు. ఈసారీ కోర్టు ఆర్డరు అడ్డం వచ్చింది. దానికి ఆగేది లేదని ఏప్రిల్ 3 రాత్రి సభలో చెప్పాడు. పొరుగువాళ్లకు చెప్పండి, కోకాకోలా కొనొద్దు, ఫలానా కంపెనీ పాలు కొనొద్దు, ఫలానా బ్రెడ్డు కొనొద్దు అని పేర్లు పెట్టి మరీ చెప్పాడు. మర్నాడు సాయంత్రం లొరైన్ మోటెల్ బాల్కనీలో ఆయన్ని కాల్చి చంపారు. వయసు 39.

ఏప్రిల్ 16న నగరపాలక సంస్థ దిగొచ్చింది. యూనియన్‌ను గుర్తించి, జీతం పెంచడానికి ఒప్పుకుంది. అప్పటికి సమ్మె మొదలై 65 రోజులు.