అరిచే ఫ్యానుకు ఎనుమాముల నుంచి

ఎనుమాముల రోడ్డు, వరంగల్

ఫ్యాను గారికి,

గారు అని ఎందుకంటున్ననంటే, వారం నుంచి మా షాపుల నడుస్తున్నది నీ రాజ్యమే. నేను టైపు కొట్టుడు నీకు పక్కవాద్యం.

మొన్న ఆదివారం నువ్వున్న కంప్యూటర్ల కెర్నెల్, అంటే సిస్టంను నడిపే మూల ప్రోగ్రాం, అప్‌గ్రేడ్ చేసిన. పద్నాలుగేండ్ల పాత డబ్బా, లినక్స్ సిస్టం తప్ప వేరే దిక్కు లేదు దానికి. రీస్టార్ట్ కాంగనే నువ్వు ఎత్తుకున్నవ్, ఇగ దించలే. వేడి, స్పీడు చూపే సెన్సార్స్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెసర్ 38 డిగ్రీలు, నువ్వు నిమిషానికి 2,800 చుట్లు. కార్తీకం చలిల నీకు గంత ఉక్కపోత ఏందయ్యా?

పహాణీ ప్రింటుకు వచ్చిన పెద్దాయన గుమ్మంలనే నిలబడి, "బిడ్డా, ఆజంజాహి మిల్లు మళ్ళ తెరిచిండ్రా?" అన్నడు. 1934ల పెట్టిన బట్టల మిల్లు, మూతపడి ఎన్నేండ్లాయె! అయినా మిల్లుకన్న షిఫ్టులుంటయి. నీకు అవీ లేవు.

ముందుగాల అనుమానం పత్తి మీదికి పోయింది. దసరా దాటితే మార్కెట్‌కు పత్తి బండ్లు దిగుతయి. ఆ నూగు మా కౌంటర్ మీద, చాయ్ గ్లాసుల, నీ రెక్కల్ల. మూత తీస్తే, ప్రాసెసర్ వేడిని గుంజే హీట్‌సింక్ సందుల్ల వేయిస్తంభాల గుడిల దీపాలకు వత్తులు చేసుకునేంత దూది. పెయింటు బ్రష్షుతోని దులిపిన, ప్రాసెసర్ వేడిని దానికి దాటించే థర్మల్ పేస్టు ఎండిపోయింటే గీకి కొత్తది పూసిన. 38 కాస్త 34 అయింది. నువ్వు అదే 2,800.

కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూల పాత కెర్నెల్ ఎంచుకుంటేనేమో, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు బడిపిల్లల లెక్క చప్పుడు చెయ్యవు.

అప్పుడు పోయి సిస్టం రాసుకునే లాగ్ చదివిన. నాలుగేండ్ల కింద, మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌ల నిన్ను ఫుల్ స్పీడు మీద పెట్టి, నీ పగ్గం ఫ్యాన్‌కంట్రోల్ అనే ప్రోగ్రాం చేతికిచ్చింది నేనే. అది 0 నుంచి 255 దాకా ఏ అంకె రాస్తే నువ్వు ఆ లెక్కన తిరగాలె. పగ్గం కట్టిన గుంజ, అంటే నిన్ను ఆడించే చిప్‌కు కెర్నెల్ ఇచ్చిన పేరు, హెచ్‌డబ్ల్యూమాన్ 2. కొత్త కెర్నెల్ డ్రైవర్లను (పరికరాలను నడిపే ప్రోగ్రాంలను) వేరే వరుసల లేపింది, గుంజ నంబరు 3 అయి కూసుంది. మున్సిపాలిటోళ్ళు ఇంటి నంబర్లు మారిస్తే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వాపస్ పట్టుకపోయినట్టు, ఫ్యాన్‌కంట్రోల్ పాత అడ్రసు చూసి, కాన్ఫిగరేషన్ పాతదైందని ఒక్క ముక్క రాసి పోయింది. నేను వారం రోజులు నిన్ను తిట్టినంక ఆ ముక్క చూసిన.

పీడబ్ల్యూఎం‌కాన్ఫిగ్ అనే, ఆ సెట్టింగులు రాసే ప్రోగ్రాం మళ్ళ నడిపితే, పరీక్ష కోసం అది నిన్ను కొన్ని సెకండ్లు మొత్తమే ఆపింది. గోడ గడియారం టిక్కుటిక్కుమన్నది. అది నడుస్తున్నదనే మర్చిపోయిన.

ఇప్పుడు నువ్వు 900 చుట్లు. క్యాబినెట్ మీద కొట్టిన మూడు దెబ్బల్ల రెండింటికి మన్నించు. మూడోది పెద్దాయన ముందట పరువు తీసినందుకు, అది వాపస్ తీసుకోను.

ఇట్లు,
నీ ఓనరు