మహారాజశ్రీ లైఫ్‌స్టైల్ ఖర్చు గారికి

మహారాజశ్రీ లైఫ్‌స్టైల్ ఖర్చు గారి సముఖానికి, విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి డ్వార్ఫ్ వీరుడు అప్పన్న తరఫున అతన్ని ఆడించేవాడు నమస్కరించి రాసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి. అప్పన్న కులాసాగా ఉన్నాడు. నా సంగతి తమరు అడగరు, తమకు అక్కర్లేదు కూడా.

తమరిని ఎరగనివాళ్ల కోసం ఒక్క ముక్క. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, బల్ల చుట్టూ కూర్చుని నోటితో, పాచికలతో, పెన్సిల్‌తో ఆడే ఆట ఉంది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చారు. మనకో పాత్ర, కథ నడపడానికి ఒక డీఎం. 2014 నుంచి దీనికి అడ్వెంచరర్స్ లీగ్ అని ఒక పద్ధతి వచ్చింది. ఏ ఊళ్లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా రూలు ఒకటే, పాత్ర సంపాదించిందీ తగలేసిందీ లాగ్‌షీట్‌లో ఎక్కాల్సిందే. మేం నేర్చుకున్నది ఆ తొలినాళ్ల పద్ధతి, ఇప్పటికీ అదే ఆడతాం. నాలుగు గంటల సాహసం ముగిస్తే పాత్రకి పది డౌన్‌టైమ్ రోజులు, అంటే సాహసం లేని ఖాళీ రోజులు. ఆ పది రోజులూ వీరుడుగారు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు? సరిగ్గా అక్కడ వస్తారు తమరు, ఆ పడకకీ తిండికీ రోజులెక్కన కాసులు వసూలుచేసే రూలుగారు, సంచి పట్టుకుని.

తమరి రాక ఎలా ఉంటుందో తమకే తెలియాలి. మొన్న శనివారం రాత్రి డ్రాగన్ చచ్చింది. ఆరుగురం అరిచిన అరుపులకి కింద వాటాలోని పిన్నిగారు మెట్లెక్కి వచ్చి, "ఇవాళ మ్యాచి లేదు కదా బాబూ?" అని అడిగి వెళ్లారు. బల్ల మీద చల్లారిపోయిన మిరపకాయ బజ్జీలు, నూనె మరకలు పడ్డ కాగితాలు. డీఎం కళ్లజోడు తీసి తుడుచుకుని, "పది రోజులు. ఎవరెవరిది ఏ బతుకు?" అన్నాడు. అంతే. అప్పటిదాకా లేని ఫ్యాను చప్పుడు వినిపించింది.

తమరి ధరల పట్టిక మాకు కంఠతా వచ్చు. దిక్కుమాలిన బతుకు ఉచితం. మురికి బతుకు రోజుకి 1 వెండి కాసు, పేద బతుకు 2. మామూలు బతుక్కి 1 బంగారు కాసు, అంటే 10 వెండి. హాయి బతుకు 2 బంగారు, ధనిక బతుకు 4, దొరబతుకైతే కనీసం 10. పగలు బ్యాంకులో, శనివారాలు మాంత్రికుడిగా పనిచేసే మావాడి సంచిలో మూడు వేల బంగారు కాసులున్నాయి. వాడు తల ఎత్తకుండా "దిక్కుమాలిన" అన్నాడు. పక్కవాడు "నాదీ అదే" అన్నాడు. ఊరిని కాపాడిన మహావీరులు పది రాత్రులు వంతెన కింద ముడుచుకు పడుకుని, పదకొండో రోజు దుమ్ము దులుపుకుని రాజుగారి దర్బారుకి బయలుదేరారు. ఒక్కడికీ జలుబు చెయ్యలేదు.

తప్పు వాళ్లది కాదు. దిక్కుమాలిన బతుక్కి రోగాలూ దొంగలూ, దొరబతుక్కి కుట్రలూ రాజకీయాలూ చుట్టుకుంటాయని పుస్తకంలో తమరు బాగానే రాసుకున్నారు. నాలుగు గంటల్లో కథ ఒడ్డున పడెయ్యాల్సిన డీఎంకి ఆ తీరిక ఎక్కడిది? వంద కాసులు పోసి దొరలా బతికినవాడికీ, తూములో పడుకున్నవాడికీ మర్నాడు అదే కత్తి, అదే పాచిక. పైసా తేడా లేనప్పుడు బ్యాంకువాడు పైసా ఎందుకు వదులుతాడు?

వసూలు అంటే ఏమిటో తెలియాలంటే మా ఇంటి ఓనరు గారి దగ్గర నాలుగు నెలలు శిష్యరికం చెయ్యండి. ఒకటో తారీఖున పాలప్యాకెట్ కన్నా ముందు వస్తారాయన. పదకొండు నెలల అగ్రిమెంటు మార్చిన ప్రతిసారీ అద్దెకి కొమ్ములొస్తాయి. తమరేమో 2014 పుస్తకంలో మామూలు బతుక్కి 1 బంగారు కాసన్నారు, 2024లో కొత్త పుస్తకం వేసినా అదే 1 కాసు. పదేళ్లలో రాగి కాసంత కూడా పెంచని ఓనరున్నాడని తెలిస్తే మద్దిలపాలెం మొత్తం తమరింటి ముందు క్యూ కడుతుంది, అడ్వాన్సు చేత్తో పట్టుకుని.

తమరి పూర్వీకులు ఇలా ఉండేవారు కాదు. 1979 నాటి డీఎం పుస్తకంలో గైగాక్స్ గారు లెవెల్‌కి నెలకి 100 బంగారు కాసులకు తగ్గకుండా లాగమన్నారు. తొమ్మిదో లెవెల్ వాడైతే నెలకి 900. ఎదిగేకొద్దీ ఖర్చూ ఎదుగుతుంది. ఆ లెక్క మా ఇంట్లో చెప్పక్కర్లేదు, నాకు ఇంక్రిమెంటు పడిన నెలలోనే ఫ్రిజ్ పాడవుతుంది.

ఇక తమరి బజారు సంగతి. కోడి 2 రాగి కాసులు. రొట్టె కూడా 2 రాగి కాసులే. రొట్టె ధరకి కోడి దొరికే ఊరికి ఆదివారం పూట మావాళ్లని పంపకండి, తిరిగి రారు. మేక 1 బంగారు కాసు, అదే 100 రాగి కాసులు. అంటే మామూలు బతుకు బతికే అప్పన్న రోజుకొక మేకని, కాదంటే యాభై కోళ్లని పూర్తి చేస్తున్నాడన్నమాట. డ్వార్ఫులకి ఆకలి ఎక్కువే గాని, మరీ అంతా?

ఇంత ఉదారంగా లెక్క రాసిన చెయ్యి ఒక్కచోట మాత్రం గట్టిగా బిగుసుకుంది. మూట మోసే కూలికి తమరి లోకంలో రోజుకూలి 2 వెండి కాసులు. పేద బతుకు ఖర్చు రోజుకి 2 వెండి కాసులు. మిగిలేది సున్నా. జ్వరమొస్తే సున్నాలోంచే తియ్యాలి, పెళ్లాం పిల్లలుంటే సున్నాలోంచే పెట్టాలి. గాయం మాన్పే మందు సీసా 50 బంగారు కాసులు, అంటే ఆ కూలికి 250 రోజుల కూలి. మొన్న రాత్రి మా మాంత్రికుడు అలాంటివి మూడు తాగి, మూడోది తాగుతూ "చేదుగా ఉంది" అన్నాడు. వీరుడి లెక్క తమకు పట్టదు, కూలివాడి లెక్క రాగి కాసుతో సహా సరిచూస్తారు. తమరు మా లోకంలో కూడా పనిచేసి ఉంటారని నాకు అనుమానం.

దిక్కుమాలిన బతుకు ఉచితం అన్నారే, అదీ ఒప్పుకోను. తమరి లీగు మొదలైన ఏడాదే, 2014 అక్టోబరు 12న, మా ఊరి మీద హుద్‌హుద్ విరుచుకుపడింది. ఆ వారం కరెంటు లేదు, కుళాయి లేదు, జేబులో డబ్బున్నవాడూ లేనివాడూ ఒకే లైనులో బిందె పట్టుకుని నిలబడ్డారు. అందరిదీ దిక్కుమాలిన బతుకే. ఉచితంగా మాత్రం ఏదీ దొరకలేదు.

అసలు ఈ ఉత్తరం రాయించింది ఫిషింగ్ హార్బర్. మే నెలలో ఒక ఉదయం చేపలకని వెళ్లాను. వేట నిషేధం అని మరిచిపోయాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు కదలవు, చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. జట్టీ పొడుగునా బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. నీడలో ఒక పెద్దాయన వల చింపు కుడుతున్నాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి లాగిపట్టి, ఎడమచేత్తో కన్ను పరిచి, కుడిచేత్తో దారపు కండె అటూ ఇటూ పోనిచ్చి ముడి. మళ్లీ కన్ను, మళ్లీ ముడి. సాహసానికీ సాహసానికీ మధ్య ఉన్న మనిషిని లాగ్‌షీట్ బయట చూడటం నాకదే మొదటిసారి.

తమరి రూలు ప్రకారం ఈయన చేస్తున్నది క్రాఫ్టింగ్. ఖాళీ రోజుల్లో వస్తువు తయారుచేసుకునేవాడికి మామూలు బతుకు ఖర్చు మాఫీ. వృత్తి చేసుకునేవాడికీ మాఫీయే. గుడో, దొంగల సంఘమో వెనక ఉంటే హాయి బతుకు. పాటగాడైతే ధనిక బతుకే. నేనదే ధీమాతో, "పని చేసుకుంటూనే ఉన్నారుగా, పెద్ద ఖర్చుండదేమో తాతా?" అన్నాను.

ఆయన ముడి బిగించి పళ్లతో దారం తెంపి, "ఏటకెల్తే కూడు బోట్లోనే బాబూ. ఒడ్డునుంటేనే కరుసు" అన్నాడు.

అంత చిన్న మాటలో తమరి అధ్యాయమంతా ఉంది. డ్రాగన్ గుహలో ఉన్నంతసేపూ తమరు అడగరు, బయటపడ్డాకే అడుగుతారు. తేడా ఏమిటంటే ఈయనకి మాఫీ లేదు, భృతి ఉంది. ప్రభుత్వం ఇచ్చేది 10 వేల నుంచి 2025లో 20 వేల రూపాయలైంది. 61 రోజులకి పంచితే రోజుకి 328 రూపాయలు కూడా పడదు, అదీ ఇంటిల్లిపాదికీ. దీంతో కోళ్లెన్ని, మేకలెన్ని అని లెక్కపెట్టబోయి, ఆ నీడలో నిలబడి ఆ పని చెయ్యడం ఎబ్బెట్టుగా అనిపించి మానేశాను.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

ఇట్లు,
అప్పన్న తరఫున, బాడుగ ఇంట్లోంచి

తా.క.: మొన్న నా వంతు వచ్చినప్పుడు, అప్పన్న ఈ పది రోజులూ రేవులో కూర్చుని వలలు కుడుతున్నాడని చెప్పాను. "మీవాడికి నీళ్లంటే భయం కదా?" అన్నాడు డీఎం. ఒడ్డునే ఉంటాడన్నాను. కాసేపు ఆలోచించి ఖర్చు గడిలో సున్నా వేశాడు. తర్వాత ఏమనుకున్నాడో రబ్బరు తీసుకుని చెరిపేసి, 2 వెండి కాసులు అని రాసి, కాగితం నా వైపు తిప్పాడు. నేను సంతకం పెట్టాను.