ఇగ్బోల గొప్పతనానికి జెరూసలేం సర్టిఫికెట్ ఎందుకు?

నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఉండే ఇగ్బోలు తమ పుట్టుక గురించి చెప్పుకునే కథల్లో అన్నిటికన్నా పేరున్నది ఎరి కథ. చుక్వు అనే పరమదైవం ఎరిని ఆకాశం నుంచి కిందికి పంపాడు. అప్పటికి నేలంతా బురద. కాలు పెట్టే చోటు లేక ఎరి ఒక చెదపుట్ట మీద కూర్చుని మొరపెట్టుకున్నాడు. అప్పుడు ఆవ్కా అనే ఊరి కమ్మరి వచ్చి, కొలిమి తిత్తులతో గాలి ఊది నేలను ఆరబెట్టాడు. తర్వాత ఎరి కొడుకు న్రి కాలంలో తిండికి కరువొచ్చింది. దేవుడి మాట మీద న్రి తన మొదటి కొడుకునీ కూతురినీ బలి ఇచ్చి పాతిపెడితే, ఆ సమాధుల మీద పెండలం, చేమ మొలిచాయి. చుట్టుపక్కల జనం ఆ దుంపలు తీసుకున్నారు. బదులుగా భూమికి అంటిన మైలను తొలగించే అధికారం న్రి పూజారులదని ఒప్పుకున్నారు.

ఈ కథలో ఒక విషయం గమనించాలి. మొదటి మనిషి ఆకాశం నుంచి దిగే సరికే ఆవ్కాలో కమ్మరి ఉన్నాడు! చెప్పిన పెద్దలకు ఈ తిరకాసు తెలియక కాదు. లోకంలో మొదట పుట్టింది ఎవరన్నది వాళ్ల పట్టింపు కాదు. ఇనుము ఎవరి చేతి పని, దుంప ఎవరి త్యాగం, పూజ ఎవరి బాధ్యత, ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారు అన్నదే కథ సారం. పక్కనే ఉన్న యొరుబాలూ ఇలాంటి కథే చెబుతారు. అందులో నీళ్ల మీదికి గొలుసు పట్టుకుని ఒడుదువా దిగుతాడు. గుప్పెడు మట్టి పోస్తే కోడి దాన్ని కాళ్లతో చెదరగొట్టి నేల చేస్తుంది. నీరు, బురద, పైనుంచి దిగిన పెద్దాయన, ఆరిన నేల. రెండు కథలూ ఒకే లోకంలో పుట్టినవని వినగానే తెలుస్తుంది.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరుగుతున్న ఎరి మాత్రం వేరు. అతను ఆకాశం నుంచి దిగలేదు, ఈజిప్టు నుంచి నడిచి వచ్చాడు. బైబిల్ ఆదికాండం 46వ అధ్యాయంలో యాకోబు కొడుకు గాదుకు పుట్టిన పిల్లల పేర్లలో ఏరీ అన్న పేరు ఉంది. ఆ ఏరీయే ఈ ఎరి, కాబట్టి ఇగ్బోలు ఇశ్రాయేలు వంశం, కాబట్టి మిగతా నైజీరియన్ల కన్నా ఒక మెట్టు పైన. ఈ మూడో 'కాబట్టి'ని అందరూ బయటికి అనరు. కానీ వాదన నడిచేది అటువైపే. ఇంకొందరు మరీ ముందుకెళ్లి, మానవజాతి మొత్తం ఇగ్బో గడ్డ మీదే పుట్టిందని పుస్తకాలు రాశారు.

ఈ యూదు కథ నిన్నమొన్నటిది కాదు. బానిసగా అమ్ముడుపోయి, తర్వాత స్వేచ్ఛ కొనుక్కున్న ఒలౌడా ఎక్వియానో 1789లో లండన్‌లో ఆత్మకథ అచ్చు వేయించాడు. తన జనం ఆచారాలకూ పాత యూదుల ఆచారాలకూ పోలికలున్నాయని అందులో రాశాడు. సున్తీ, శుద్ధి నియమాలు, పెద్దల పాలన ఆయనకు ఒకేలా కనిపించాయి. నల్లవాళ్లను మనుషులుగానే లెక్కించని సమాజం ముందు నిలబడి, బైబిల్ చదివే పాఠకులకు 'మేము మీ గ్రంథంలోని మనుషుల్లాంటివాళ్లమే' అని చెప్పడం ఆయనకు అవసరమైంది. ఆ అవసరాన్ని నేను తప్పుపట్టలేను.

తప్పు తర్వాత వచ్చినవాళ్లది. బాస్డెన్ వంటి మిషనరీలు అవే పోలికలను మళ్లీ రాశారు. 1930లో సెలిగ్‌మన్ అనే బ్రిటిష్ పండితుడు ఒక సిద్ధాంతాన్ని బలంగా ప్రచారం చేశాడు. ఆఫ్రికాలో కాస్త ఘనమైనది ఏది కనిపించినా అది ఉత్తరం నుంచి వచ్చిన 'హామిటిక్' జాతి తెచ్చిందే అన్నది దాని సారాంశం. నల్లవాడు సొంతంగా ఏమీ కట్టలేడు అన్న నమ్మకం మీద నిలబడిన సిద్ధాంతం అది. న్రి సంప్రదాయాలను చూసిన కలోనియల్ అధికారి జెఫ్రీస్ వాటి మూలం ఈజిప్టులో వెతికాడు. ఈ రోజు 'మేము తూర్పు నుంచి వచ్చాం' అని గర్వంగా చెప్పుకునే ఇగ్బో యువకుడు, తన తాతముత్తాతలను చిన్నచూపు చూసినవాళ్ల కొలమానాన్నే చేతిలో పట్టుకున్నాడు. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇందులో ఇగ్బోలు ఒంటరివాళ్లు కాదు. హౌసాల మూలపురుషుడు బయాజిద్దా బాగ్దాద్ నుంచి వచ్చాడట. కనూరి రాజవంశం తన మూలాలను యెమెన్‌లో చెప్పుకుంది. యొరుబాలు అరబ్ దేశాల వైపు నుంచి వచ్చారని సొకోటో సుల్తాన్ మహమ్మద్ బెల్లో 19వ శతాబ్దం మొదట్లో రాశాడు. అదే మాట తర్వాత యొరుబా చరిత్రకారుల రచనల్లోకీ వచ్చింది. మతం, వాణిజ్యం, అధికారం ఏ దిక్కు నుంచి వస్తే మూలపురుషుణ్ణి ఆ దిక్కు నుంచే రప్పించుకోవడం అక్కడ అందరూ చేసిన పని.

మరి ఆధారాలు ఏం చెబుతున్నాయి? ఇగ్బో భాష నైజర్-కాంగో కుటుంబానికి చెందింది. యొరుబా, ఎడో, ఇగాలా, ఇడోమా భాషలు దానికి దగ్గరి చుట్టాలు. నైజర్, బెన్యూ నదులు కలిసే చోటుకు అటూ ఇటూ ఉన్న జనం వేల ఏళ్ల కిందట ఒక్కో పాయగా విడిపోయారని పండితులు భావిస్తారు. ఇగ్బో చరిత్రకారుడు అడియెలె అఫిగ్బో హీబ్రూ, ఈజిప్టు కథలను పక్కనపెట్టి ఆ నదుల సంగమం వైపే చూపించాడు. హీబ్రూ ఆఫ్రో-ఆసియాటిక్ కుటుంబానిది. నైజీరియా పెద్ద భాషల్లో ఆ కుటుంబానికి చెందింది హౌసా. భాష ద్వారా హీబ్రూతో దూరపు చుట్టరికం వెతకాలంటే అది ఇగ్బోలకు కాదు, ఉత్తరాది హౌసాలకు దొరుకుతుంది. జన్యువుల లెక్క కూడా ఇలాంటిదే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో ఇగ్బో, యొరుబా మగవాళ్లలో అత్యధికులది ఒకే పశ్చిమాఫ్రికా శాఖ.

ఇక ఇగ్బో-ఉక్వు గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. ఈ వాదనలన్నిటికీ అసలు జవాబు ఆ ఊరి మట్టిలోనే ఉంది.

1938లో ఆ ఊళ్లో ఒకాయన ఇంటి పెరట్లో నీటి తొట్టి కోసం గొయ్యి తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959 చివరి నుంచి థర్స్టన్ షా అనే పురాతత్వవేత్త అక్కడ పద్ధతి ప్రకారం తవ్వకాలు జరిపాడు. కంచు పాత్రలు, నత్తగుల్ల ఆకారాలు, తాడు చుట్టినట్టు కనిపించే కుండ, పీఠం మీద కూర్చోబెట్టి పూడ్చిన ఒక గొప్ప వ్యక్తి సమాధి, లక్షన్నరకు పైగా పూసలు దొరికాయి. మైనపు అచ్చు పద్ధతిలో పోసిన ఆ కంచు పనితనం ఎంత సన్నగా ఉందంటే, కుండ మీది తాడు ముడులు కూడా నిజమైన అల్లికలా కనిపిస్తాయి. కాలం లెక్కగడితే దాదాపు 9వ శతాబ్దం అని తేలింది. నైజీరియాలోనే ఉన్న ఇఫే (యొరుబాల నగరం), బెనిన్ నగరాల ప్రసిద్ధ లోహ శిల్పాల కన్నా ఇవి కొన్ని శతాబ్దాలు ముందువి. మొదట్లో చాలామంది ఈ తేదీని నమ్మలేదు. ఈ విద్య ఎవరు నేర్పారు, లోహం ఎక్కడి నుంచి తెచ్చారు అని అడిగారు. తర్వాత లోహాన్ని పరీక్షిస్తే, అందులో చాలా భాగం అబకలికి, బెన్యూ లోయ ప్రాంతాల గనులదే అని తేలింది. పూసలు దూరదేశాల నుంచి వర్తకంలో వచ్చాయి. లోహం దగ్గరిది, చేతిపని అక్కడిదే, పూసలు బయటివి. లోకంతో ఇచ్చిపుచ్చుకుంటూనే సొంత విద్య పెంచుకున్న జనం వీళ్లు. ఇంతటి ఆధారం ఇంటి పెరట్లోనే ఉంటే, ఎడారి దాటి వచ్చిన తాత కోసం బైబిల్ పేర్ల పట్టిక వెతకడం దేనికి?

ఇంకో సంగతి. ఎరి కథ ఇగ్బోలందరిదీ కాదు. ఒనిచా పట్టణం, దాని చుట్టాలైన నైజర్ నది పశ్చిమ గట్టు ఊళ్లు బెనిన్ వైపు నుంచి వచ్చామని చెప్పుకుంటాయి. ఆరోచుక్వు ప్రజలు ఇగ్బో, ఇబిబియో, అక్పా జనం కలిసి ఏర్పడినవాళ్లు. న్గ్వాలు ఇమో నది దాటిన కథ చెబుతారు. ఇగ్బో నడిగడ్డలోని కొన్ని ఊళ్లైతే ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడే పుట్టాం అంటాయి. 'ఇగ్బో' అన్న ఒకే గుర్తింపు కింద వీళ్లంతా చేరింది ఎక్కువగా 20వ శతాబ్దంలోనే. ఆగ్నేయ నైజీరియాను బయాఫ్రా పేరుతో వేరే దేశం చేసుకోవాలని సాగిన యుద్ధం ముగిశాక, పోర్ట్ హార్కోర్ట్ పరిసరాల్లో ఉండే ఇక్వెరె జనంలో చాలామంది 'మేము ఇగ్బోలం కాదు' అనడం మొదలుపెట్టారు. భయం, ఆస్తి, రాజకీయం మారితే వంశవృక్షం కూడా మారుతుంది.

మన దగ్గర 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అనే సామెత ఉంది. ఆ సామెత విసిరి ఇగ్బోలను నవ్వి వదిలేస్తే మాత్రం పెద్ద అన్యాయం. 1966లో ఉత్తర నైజీరియాలో వేలమంది ఇగ్బోలను ఊచకోత కోశారు. బతికినవాళ్లు రైళ్లలో, లారీల్లో తూర్పుకు పారిపోయారు. 1967 మే 30న తూర్పు ప్రాంత సైనిక గవర్నర్ ఒజుక్వు బయాఫ్రా స్వాతంత్ర్యం ప్రకటించాడు. 1970 జనవరి దాకా సాగిన యుద్ధంలో, దిగ్బంధం తెచ్చిన ఆకలిలో పది లక్షలకు పైగా చనిపోయారని అంచనా. వాళ్లలో పసిపిల్లలే ఎక్కువ. యుద్ధం తర్వాత బ్యాంకులో ఎంత దాచుకున్నా చేతికిచ్చింది 20 పౌండ్లు. అలాంటి జనానికి 'మనం యూదుల్లాంటివాళ్లం, మనమీదా అలాంటి దాడే జరిగింది' అన్న మాట ఓదార్పు అయింది. పోలికగా మొదలైన మాట కొందరి నోట రక్తసంబంధంగా మారింది. బయాఫ్రా వేర్పాటు నాయకుడు న్నమ్డి కాను 2018 అక్టోబరులో జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర ప్రార్థిస్తూ కనిపించినప్పుడు అది ఎందరికో ఎందుకు హత్తుకుందో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

కానీ ఓదార్పు ఆధిక్యంగా మారితే చేటు తెచ్చేది ఇగ్బోలకే. 1949లో ఆబా పట్టణంలో జరిగిన ఇబో (ఇగ్బోకు అప్పటి రాత) మహాసభలో న్నమ్డి అజికివె మాట్లాడుతూ, ఆఫ్రికా బిడ్డలను దాస్యం నుంచి నడిపించడానికి దేవుడు ఇబో జాతిని ప్రత్యేకంగా సృష్టించినట్టుందన్నారు. అజికివె ఉత్తరాదిలో పుట్టి, మూడు పెద్ద భాషలూ మాట్లాడుతూ, నైజీరియా అంతా నాదే అనుకున్న నాయకుడు. తర్వాత దేశానికి మొదటి అధ్యక్షుడయ్యారు. అయినా ఆ ఒక్క వాక్యాన్ని ప్రత్యర్థులు దశాబ్దాల తరబడి వల్లించారు. ఇగ్బోలు మనల్ని ఏలాలని చూస్తున్నారు అనడానికి అదే సాక్ష్యం అన్నారు. 2015 ఎన్నికలప్పుడు యొరుబా ప్రాంతంలోని లాగోస్ నగర సంప్రదాయ రాజు, తాను చెప్పిన అభ్యర్థికి ఓటెయ్యని ఇగ్బోలు లగూన్‌లో కలిసిపోతారని బెదిరించాడు. 2023 మార్చి గవర్నర్ ఎన్నికల్లో ఇగ్బోల్లా కనిపించినవాళ్లను లాగోస్ పోలింగ్ కేంద్రాల దగ్గర అడ్డుకున్నారు. ఒక అభ్యర్థి తల్లి ఇగ్బో కావడమే నేరమన్నట్టు ప్రచారం చేశారు. ఇవి చేసినవాళ్లు సిగ్గుపడాలి, ఏ ఇగ్బో గొప్పలూ దానికి సాకు కావు. అయితే 'మా రక్తం వేరు' అని ఒకరు అంటే, 'అయితే మీరు ఇక్కడివాళ్లు కారు' అని ఇంకొకరు అనడానికి ఎంతో టైమ్ పట్టదు. తూర్పు నుంచి వచ్చామని పట్టుబట్టే వాదం, 'మీ ఊరికి పొండి' అనేవాళ్ల చేతికి ఆయుధం అందిస్తోంది.

ఇగ్బోల విజయానికి రక్తం కన్నా మంచి వివరణలు ఉన్నాయి. జనం కిక్కిరిసిన నేల, సాగు భూమి తక్కువ, కాబట్టి వలస. ఊరి సంఘాలు చందాలు వేసి పిల్లల్ని చదివించాయి. అన్నిటికన్నా ముఖ్యం 'ఇగ్బా బోయి' అనే పద్ధతి. కుర్రవాణ్ణి ఒక వ్యాపారి దగ్గర కొన్నేళ్లు పనికి పెడతారు. గడువు తీరాక ఆ వ్యాపారి అతనికి పెట్టుబడి ఇచ్చి సొంత కొట్టు పెట్టిస్తాడు. తనకు పోటీదారును తనే తయారుచేస్తాడు! ఒనిచా, న్నెవి, ఆబా, లాగోస్‌లోని అలాబా మార్కెట్లు అలా పెరిగాయి. చేతిలో 20 పౌండ్లతో మొదలైన తరం తిరిగి నిలబడిందంటే దాని వెనక ఉన్నది ఈ ఒప్పందం, ఈ నమ్మకం. దీన్ని పుట్టుక ఖాతాలో వేస్తే ఆ కష్టజీవులను తక్కువ చేసినట్టే. ఈ పద్ధతిని ఎవరైనా నేర్చుకోవచ్చు. వంశాన్ని ఎవరూ నేర్చుకోలేరు.

ఒసు సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. ఒకప్పుడు దేవతలకు అంకితమైనవాళ్ల సంతతిని ఇగ్బో సమాజం ఒసులంటూ వెలివేసింది. వాళ్లతో పెళ్లి లేదు, బిరుదులు లేవు. 1956లో తూర్పు ప్రాంత ప్రభుత్వం దీన్ని చట్టంతో రద్దు చేసింది. అయినా పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆ ఆరా ఇంకా తీస్తూనే ఉన్నారు. కులం బాధ తెలిసిన తెలుగు పాఠకులకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. 'మనమంతా ఒకే తండ్రి బిడ్డలం, ఎంపికైన జాతి' అని బయటివాళ్లకు చెప్పే నోరు, ఇంట్లో పెళ్లి మాట వచ్చేసరికి 'వాళ్లు వేరు' అంటోంది. ఇగ్బోలదే ఒక సామెత ఉంది: గద్దా వాలాలి, గరుడపక్షీ వాలాలి, వద్దన్నదాని రెక్క విరగాలి. అతిథి మర్యాదగా కోలా కాయ విరిచే ప్రతి పెద్దమనిషీ దాన్ని పలుకుతాడు. ఒసు ఇంటి గడపలో కూడా పలకగలగాలి.

ఇదే ఆశ మన నేల మీదా కనిపిస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. దళిత క్రైస్తవ నేపథ్యం నుంచి వచ్చిన ఈ తెలుగువాళ్లు తాము ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకుంటారు. 1990ల నుంచి సినగాగ్ నడుపుకుంటున్నారు. యూదు మతాన్ని ఎంచుకుని పాటించడం వాళ్ల హక్కు, ఇగ్బో గడ్డ మీద నిజంగా సబ్బాతు పాటిస్తున్న కొన్ని వేలమంది హక్కు కూడా. విశ్వాసానికి రక్తపరీక్ష అక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, మనిషికి మర్యాద దక్కాలంటే దూరదేశపు వంశం చూపించుకోవాల్సి రావడం. మాల, మాదిగ వాడల్లోని మనిషికి ఊరే ఆ మర్యాద ఇచ్చి ఉంటే అతను తన మూలాలను ఎక్కడ వెతుక్కునేవాడో మనమే ఆలోచించాలి.

నైజీరియాలో ఇంకో చిక్కు ఉంది. 2000ల దశకం చివర అక్కడి పాఠశాలల్లో చరిత్రను ప్రత్యేక సబ్జెక్టుగా తీసేశారు. మళ్లీ చేర్చాలని నిర్ణయించడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ మధ్యలో చదువుకున్న పిల్లలకు ఇగ్బో-ఉక్వు, ఇఫే, మట్టి బొమ్మలకు పేరున్న ప్రాచీన నోక్ సంస్కృతి ఏవీ సరిగా తెలియవు. వాళ్లకు చరిత్ర చెప్పింది వాట్సాప్, యూట్యూబ్. యొరుబాల మూలపురుషుడు ఒడుదువా నిజానికి తమ యువరాజే అని బెనిన్ రాజు, కాదని ఇఫే వాదించుకున్నప్పుడు కూడా ఆ పిల్లలకు తెలిసింది ఎవరు గెలిచారన్నదే, రెండు నగరాల మధ్య శతాబ్దాల రాకపోకలు కాదు. పాఠ్యపుస్తకాలు మళ్లీ రాస్తున్నప్పుడు ఉత్తరాది కానో పిల్లవాడికి ఇగ్బో-ఉక్వు కంచు, ఇగ్బో నగరం ఎనుగు పిల్లవాడికి ఇఫే శిల్పం, లాగోస్ పిల్లవాడికి 1966 హత్యాకాండ, ముగ్గురికీ ఆ నదుల సంగమం నుంచి విడిపోయిన భాషల పటం పాఠంగా పెట్టాలి. న్రి పూజారుల మాట నడిచిన ఊళ్లలో ఎరి కథను కూడా చెప్పాలి, పాతకాలం పెద్దలు చెప్పినట్టే, నేల ఆరబెట్టిన ఆవ్కా కమ్మరితో సహా.