నాన్న కువైట్‌లో ఉంటే పాప జ్ఞానస్నానం ఆగిపోవాలా?

మా చెల్లెలి కూతురికి ఏడు నెలలు నిండాయి, జ్ఞానస్నానం ఇంకా కాలేదు. మరిది కువైట్‌లో ఉంటాడు, సెలవు దొరికేది రెండేళ్లకోసారి. సికింద్రాబాద్‌లో మేం వెళ్లే చర్చి ఆఫీసులో ఒకాయన "తల్లీతండ్రీ ఇద్దరూ వస్తేనే రాసుకుంటామమ్మా" అని మూడుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి చెల్లి పాపను ఎత్తుకుని ఆటోలో ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

కథోలిక తిరుసభలో అలాంటి రూల్ లేదు. 1983 నాటి తిరుసభ చట్టం, 868వ నిబంధన చదవండి. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డను విశ్వాసంలో పెంచుతారన్న నమ్మకం కుదరాలి. అంతే. పుట్టిన కొన్ని వారాల్లోనే ఇప్పించమని దాని ముందున్న 867 చెబుతోంది. మరి ఈ ఏడు నెలల ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలి? భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు వస్తే వాళ్లకేం చెబుతారు? జ్ఞానస్నానం అడగడానికి వచ్చిన ఒంటరి తల్లిని గుమ్మంలోనే ఆపేసేవాళ్లను పోప్ ఫ్రాన్సిస్ గారు 2013 మేలో గట్టిగా తప్పుపట్టారు కదా!

అలాగని తండ్రి రాకపోయినా ఫర్వాలేదని నేను అనను. 1969లో వచ్చిన జ్ఞానస్నాన క్రమం జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) కంటే కన్నవాళ్ల బాధ్యతే పెద్దదంటుంది, వాళ్లు అక్కడ ఉండటం చాలా ముఖ్యమంటుంది. బిడ్డకు ఏం పేరు పెట్టారని ఫాదర్ గారు అడిగేది వాళ్లనే. ఆయన తర్వాత పాప నుదుటి మీద సిలువ గుర్తు వేసేదీ వాళ్లే. చివర్లో తల్లికి వేరుగా, తండ్రికి వేరుగా ఆశీర్వాదం ఉంటుంది. మాదాపూర్‌లో ఉద్యోగం, ఇల్లు చర్చికి పది నిమిషాల దూరం, అయినా పూజ అయిపోయాక బిర్యానీ టైముకి నేరుగా ఫంక్షన్ హాలుకి వచ్చిన తండ్రిని నేను చూశాను. బాధగా అనిపించింది. రాగలిగీ రానివాడిని ఎవరూ ఏమీ అనలేదు. రాలేనివాడి కూతురిని మాత్రం ఆపేశారు.

వచ్చే వారం ఫాదర్ గారినే నేరుగా కలుస్తాం. మరిది తన సమ్మతి రాసి సంతకం చేసి పంపాడు. జ్ఞాన తల్లిగా నేను నిలబడతాను, ఒక్కరున్నా చాలు. జ్ఞానస్నానం ఆదివారమైతే, కువైట్‌లో అది పనిరోజు. మన పదకొండు గంటలంటే వాళ్లకు ఎనిమిదిన్నర. సూపర్‌వైజర్‌ని బతిమాలి అరగంట పర్మిషన్ తీసుకుంటానన్నాడు, వీడియో కాల్‌లో పాప మొహం దగ్గరగా చూపించమన్నాడు.