ప్రాజెక్టు కొనిచ్చాం, అబద్ధం కూడా నేర్పాం

మా అబ్బాయి విజయనగరంలో ఏడో తరగతి చదువుతున్నాడు. మొన్న వాళ్ల స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. సిరంజీల్లో నీళ్లు నొక్కితే లేచే జేసీబీ బొమ్మ వాడి ప్రాజెక్టు. ముందురోజు రాత్రి గంటస్తంభం దగ్గర రెడీగా దొరికితే నేనే కొనితెచ్చాను. అడిగితే సొంతంగా చేశానని చెప్పాలని క్లాసులో ముందే అన్నారట, నేనూ "అలాగే చెప్పు నాన్నా" అన్నాను. సెకండ్ ప్రైజ్ వచ్చింది. ఇంటికొచ్చాక కప్పు షోకేసులో పెట్టబోతే "వద్దు, అటక మీద పెట్టు" అన్నాడు. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

వాడి పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, అందులో గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరలుగా వేసి బురదనీళ్లు వడకడుతోంది. కింద నీళ్లు నల్లగానే దిగుతున్నాయి. ఇదేంటమ్మా అంటే ఆ పిల్ల కంగారు పడలేదు. "బొగ్గు కడక్కుండా వేసేశానండి, ఆ మసే దిగుతోంది, కడిగి మళ్లీ చూడాలి" అంది. ఆ హాల్లో నిజంగా సైన్స్ నడిచింది ఆ ఒక్క బల్ల మీదే. ప్రైజ్ మాత్రం రాలేదు.

క్రియేటివిటీ కోసం డ్రాయింగ్ క్లాసుకి పంపుతాం, బుద్ధులు రావాలని నీతి కథలు చెబుతాం. ఈ రెండింటికీ సంబంధం లేదనే నేనూ అనుకునేవాణ్ణి. కానీ ఆ పిల్ల తన తప్పును ఉన్నదున్నట్టు ఒప్పుకుంది కాబట్టే తర్వాత ఏం చెయ్యాలో దానికి తోచింది. తప్పు దాచుకోవలసి వచ్చే పిల్లలకు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మానసిక శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధనలను ప్రచురించారు. బొమ్మల వరసలో తర్వాత ఏది రావాలో కనిపెట్టే పజిల్స్ ఇచ్చి, కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అనీ, కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇస్తే తెలివిని పొగిడించుకున్నవాళ్లు త్వరగా డీలా పడ్డారు. అంతకంటే బాధ కలిగించే సంగతి, తమకెన్ని వచ్చాయో రాయమంటే ఉన్నదానికంటే ఎక్కువ రాసుకున్నవాళ్లు ఆ గుంపులోనే బాగా ఎక్కువ. వాళ్లను అబద్ధానికి నెట్టింది పొగడ్తే. మనం ఇంట్లో రోజూ అనే పొగడ్త!

మన జిల్లాల్లో మార్కుల మీద ఇంత ఆశ ఎందుకో నాకు తెలుసు. శ్రీకాకుళం పల్లెల్లో తల్లిదండ్రులు హైదరాబాదుకో చెన్నైకో కూలికి వెళ్తే అమ్మమ్మల దగ్గర పెరిగే గుంటలు ఎందరో. బిడ్డకు చదువొక్కటే దారి అనుకున్న తల్లిని తప్పుపట్టను. నేను తప్పుపట్టేది, మార్కుల కోసం ప్రాజెక్టు పెట్టి, అది ఎవరు చేశారో అడగని పద్ధతిని. బడిలో ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో ప్రాజెక్టు పని చేర్చిందే పిల్లలు సొంతంగా చెయ్యాలని కదా.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారు. అక్కడి సవర గిరిజనుల భాష తనకు రాదు కాబట్టి వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాసి వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. పంతులే నేర్చుకునేవాడైతే ఆ బడిలో 'నాకు రాదు' అనడానికి పిల్లవాడికి సిగ్గెందుకు?

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు బ్యాగు లేకుండా, ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలంది. మనకు బొబ్బిలి దగ్గర గొల్లపల్లి ఉంది. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్ల పక్కన మా అబ్బాయిని రెండు రోజులు కూర్చోబెట్టినా చాలు. ఉలి కాస్త పక్కకు పోతే ఏమవుతుందో, దాన్ని ఎలా సర్దుకుంటారో కళ్లతో చూస్తాడు.

టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ప్రాజెక్టు దగ్గరా "ఇందులో ఏది కుదర్లేదు?" అని అడగండి, మార్కులు ఆ జవాబుకి వెయ్యండి. కొన్న బొమ్మకు ఆ జవాబు ఉండదు.

నిన్న సాయంత్రం మావాడు ఆ జేసీబీని విప్పేశాడు. మళ్లీ బిగిస్తే ట్యూబు దగ్గర నీళ్లు కారుతున్నాయి. "ఏం చెయ్యాలి నాన్నా?" అన్నాడు. నాకూ తెలీదన్నాను. గమ్ కోసం అలమర వెతుకుతున్నాడు.